నీటి చుక్క తగలని గుడ్లు

తాక్ వారి సోయా సాస్ జాడీ వయసెంతో ఎవరికీ సరిగ్గా తెలియదు. వంశసభ పెద్ద సంగ్మాన్‌గారు నోరు తెరిచిన ప్రతిసారీ అది పెరుగుతుంది. శరదృతువు తద్దినాల నాడు మూడు వందల ఏళ్లన్న జాడీ కొత్త సంవత్సరం నాటికి మూడు వందల యాభై ఏళ్లదయింది. ఆయన ఇంకొన్నాళ్లు ఆరోగ్యంగా ఉంటే చాలు, ఆ జాడీ కొరియా దేశం కంటే ముందే పుట్టి కూర్చుంటుందని మిహ్యాంగ్ అనుకునేది.

మిహ్యాంగ్ ఆ ఇంటి పెద్దకోడలు. తాక్ వంశంలో అది పెద్ద శాఖ ఇల్లు కాబట్టి, ఆ ఇంటి పెద్దకోడలంటే వంశం మొత్తానికి వంటమనిషి అని అర్థం. కాపురానికి వచ్చి దాదాపు ముప్పై ఏళ్లయింది. ఇన్నేళ్లలో ఆమె చచ్చిపోయినవాళ్లకు వండి పెట్టినంత బతికున్నవాళ్లకు వండి పెట్టలేదు. భర్త యోంగ్సు వంశానికి పెద్ద వారసుడు. ఆయన ఉద్యోగం తెల్లటి జనపనార అంగీ తొడుక్కుని, తద్దినం బల్ల ముందు అందరికంటే ముందుగా సాష్టాంగపడటం. ఆ పని మాత్రం వంక పెట్టడానికి లేకుండా చేస్తాడు. మిగతా రోజుల్లో ఆపిల్ తోట కౌలుకిచ్చి, ఆ కౌలుదారు తోటను ఎలా నాశనం చేస్తున్నాడో వసారాలో కూర్చుని విడమరిచి చెబుతుంటాడు.

జాడీ పెరట్లో రాతి అరుగు మీద, మిగతా జాడీలకు కాస్త ఎడంగా ఉంటుంది. మెడకు గడ్డితాడు, తాడుకు ఎండుమిరపకాయలు, బొగ్గుముక్కలు, దిష్టి తగలకుండా. ఏటా కొత్త సాస్ దించినప్పుడు కొంత తెచ్చి అందులో పోసి నింపుతారు. అంటే అడుగున ఉన్నది ఎవరు చేసిందో గాని, పైనున్నదంతా మిహ్యాంగ్ నడుము పడిపోయేలా సోయా గింజలు ఉడకబెట్టి, ముద్దలు కట్టి, వేలాడదీసి, నానబెట్టి చేసిందే. కాని జాడీలో పడీ పడగానే అది పూర్వీకుల సొత్తయిపోతుంది. చాకిరీ ఆమెది, పేరు సమాధుల్లో ఉన్నవాళ్లది.

ఆ ఇంట్లో కొత్తకోడలికి చెప్పే మొదటి మాట ఒకటుంది. సాస్‌కు నీటి చుక్క తగలకూడదు. జాడీలో వాన చినుకు పడితే బూజు పడుతుంది, అది నిజమే, ఏ ఇంటి జాడీకైనా అంతే. అక్కడితో ఆగితే వాళ్లు తాక్ వారు ఎందుకవుతారు? జాడీలోంచి తీసి గిన్నెలో పోసుకున్నాక కూడా తగలకూడదన్నారు, పొయ్యి మీద ఉన్నా తగలకూడదన్నారు. పెద్దల సొత్తు పలచన చేస్తే పెద్దల పరువు పలచనవుతుందట. ఈ శాసనం చేసిన మగవాళ్లలో ఒక్కడూ ఏనాడూ వంటింటి గడప దాటలేదు. దాటితే మగతనం రాలిపోతుందని వాళ్ల భయం. రాలిపోవడానికి అక్కడ ఏపాటి ఉందో తెలిసిన మిహ్యాంగ్‌కు ఆ భయం చూస్తే నవ్వొచ్చేది.

ఆ సాస్ తారులా నల్లగా, చిక్కగా ఉంటుంది. నాలుక మీద ఒక్క బొట్టు వేసుకుంటే చెవులు గింగురుమంటాయి. సూపులో చెంచాడు వేస్తే అమృతమే, ఎవరూ కాదనరు. కాని మాంసమో గుడ్లో అందులో ఊరబెట్టాలంటే నీళ్లు పోయక తప్పదు. కాపురానికి వచ్చిన రెండో నెలలో అత్తగారు మిహ్యాంగ్‌ను వంటింట్లోకి పిలిచి తలుపు గడియ పెట్టింది. గిన్నెలో సాస్ పోసి, దాని మీద చెంబుడు నీళ్లు గుమ్మరించింది.

"చూశావా?" అంది.

"చూశానత్తయ్యా."

"చూడలేదు."

మిహ్యాంగ్ కాసేపు ఆమె మొహం చూసి, "చూడలేదత్తయ్యా," అంది. ఆ తర్వాత ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు. తద్దినాల భోజనంలో మగవాళ్లు లొట్టలేస్తూ, "ఆహా, నీటి చుక్క తగలని రుచి," అని జాడీని పొగుడుతుంటే అత్తాకోడళ్లు గిన్నెలు కడుగుతూ ఉండేవాళ్లు.

మిహ్యాంగ్ తన సొంతానికి చేసే గుడ్లు వేరు. వాటికి జాడీతో పని లేదు, బజారు సీసా సాస్ చాలు. గుడ్లను పచ్చసొన జారీ జారనట్టుండగా దించి, చన్నీళ్లలో వేసి ఒలిచి, సాస్‌లో సగానికి సగం నీళ్లు, కాస్త పాకం, తరిగిన ఉల్లికాడలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి, నువ్వులు వేసి ఒక పూట చల్లగా ఊరనిస్తే అయిపోయింది. వేడన్నంలో ఒకటి చిదిమి నువ్వులనూనె చుక్కేసుకుంటే కూర అక్కర్లేదు. ఊరికే కొరుక్కు తిన్నా కడుపు నిండుతుంది. ఒకటి తిన్నవాడు రెండోది అడక్కుండా ఉండలేడని ఊరి పిల్లలు వాటిని మత్తు గుడ్లంటారు. బడి బస్సు దిగి ఇటువైపు వచ్చేవాళ్లకు ఆమె చేతిలో ఒకటి పెట్టేది.

ఆ గుడ్ల కబురు పిల్లల కేంద్రం దాకా వెళ్లింది. బడి వదిలాక తల్లిదండ్రులు పొలాల నుంచి వచ్చేదాకా పిల్లలు ఉండే చోటది. దాన్ని చూసుకునే బాంగ్ సొరా అనే అమ్మాయి ఒకరోజు వెతుక్కుంటూ వచ్చి, ఒక గుడ్డు తిని, రెండోది అడిగింది.

"అత్తా, మా పిల్లలు మధ్యాహ్నమంతా చిప్సు పొట్లాలు నములుతున్నారు. పచ్చి నూడుల్స్ కూడా విరుచుకు తింటున్నారు. రోజూ మీ గుడ్లు ఇస్తే మేం కొంటాం. కాకపోతే వంట చేసే చోటు ఇంటి వంటిల్లు కాకూడదట, వేరే గది ఉంటేనే లైసెన్సు ఇస్తారు."

మిహ్యాంగ్ కళ్లు వెంటనే వాకిలి పక్క గది మీదికి పోయాయి. ఒకప్పుడు జీతగాళ్లు ఉండేవాళ్లట అందులో. ఇప్పుడు విరిగిన బల్లలు, ఎలుకలు. ఆ గది తనదైతే తన చేత్తో చేసిన వస్తువు తన పేరు మీద బయటికి పోతుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఇంత గట్టిగా కోరుకున్నది ఇంకొకటి లేదు. రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు.

కాని ఇల్లు యోంగ్సుది కాదు, వంశసభది. గోడకు మేకు కొట్టాలన్నా ఆ సభకు పెద్ద అయిన సంగ్మాన్‌గారు తల ఊపాలి. ఆయన యోంగ్సుకు బాబాయి. ఇన్సూరెన్సులు అమ్మి రిటైరయిన మనిషి, గుర్రపు వెంట్రుకల టోపీ పెట్టుకోగానే పండితుడైపోతాడు.

"కోడలమ్మా," అన్నారు ఆయన, వసారాలో మఠం వేసుకుని కూర్చుని. "తాక్ వారి పెద్దకోడలు గుడ్లమ్ముకుంటుందా? ఇంతకీ వాటి పేరేమిటన్నావు?"

"మత్తు గుడ్లంటారండీ పిల్లలు."

"మన వాకిట్లో మత్తా? ఏమిరా యోంగ్సూ, వింటున్నావా?"

యోంగ్సు వింటున్నాడు. వినడంలో ఆయన్ను మించినవాడు లేడు. "మీరెలా అంటే అలాగే బాబాయ్," అన్నాడు.

మిహ్యాంగ్ భర్త వైపు చూడలేదు. చూస్తే ఏదో ఒకటి అనేస్తానని తెలుసు. "పిల్లలకు బలమండీ," అంది. "పేరు మీరే పెట్టండి."

పేరు పెట్టమనగానే సంగ్మాన్‌గారి మొహం విచ్చుకుంది. ఆయన గడ్డం నిమురుకుని, కళ్లు మూసుకుని, ఏదో కనిపించినట్టు తెరిచారు.

"తాక్ వారి నాలుగు వందల ఏళ్ల సాస్ గుడ్లు. వాకిలికి బోర్డు కట్టిద్దాం. కాని షరతు ఒకటి. బజారు సీసా సాస్ మన గుమ్మం తొక్కకూడదు. జాడీలోదే పొయ్యాలి. నీటి చుక్క తగలకూడదు. ఆదివారం సభవాళ్లందరం వస్తాం, ఆ అమ్మాయినీ పిలువు. మా ముందు తిని బాగుందంటే గది నీదే."

"గుడ్లు జాడీ సాస్‌లో నీళ్లు లేకుండా నాలుగు గంటలు ఊరితే తినలేరండీ."

"నువ్వు నాకు సాస్ గురించి చెబుతావా?" అన్నారు సంగ్మాన్‌గారు. ఉల్లిపాయ తొక్క ఏ వైపు నుంచి తీయాలో ఆయనకు తెలియదు. "మా నాయనమ్మ ఒక్కపొద్దుండి జాడీ మూత తీసేది. ఆ మహాతల్లి చేతిలో పెరిగిన నాలుక ఇది."

శనివారం సాయంత్రం అత్తగారు అరుగు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. ఎనభై దాటినా గోళ్లలో బలం తగ్గలేదు. కోడలు జాడీ ముందు నిలబడి ఎంతసేపటికీ మూత తీయకపోవడం చూసి, తల ఎత్తకుండానే అంది:

"చెంబుడు నీళ్లు పొయ్యి, నోరు మూసుకో. రేపటికి నీ గది నీకొస్తుంది."

"వచ్చాక? రోజూ తలుపేసుకుని పొయ్యనా?"

"నేను పొయ్యలేదా?"

"పోశారు. మీ చేతి రుచి అని మిమ్మల్ని ఒక్కడైనా మెచ్చుకున్నాడా?"

అత్తగారు ఒక రెబ్బ ఒలిచి గిన్నెలో వేసింది. ఇంకోటి ఒలిచింది. "జాడీ గొప్పదనేవాళ్లు," అంది చివరికి.

"మరి నాకూ అదే చెప్పమంటారా? చెంబెడు నీళ్లతో వాళ్ల పరువు నిలబెట్టి, ఆ బోర్డు కింద కూర్చుని, జీవితాంతం దొంగలా నీళ్లు పోసుకుంటూ కూర్చోనా?"

"పొయ్యకపోతే గది పోతుంది."

"తెలుసు."

"అయితే ఏడువు," అంది అత్తగారు, ఇంకో వెల్లుల్లిపాయ అందుకుంటూ.

మిహ్యాంగ్‌కు భయం వేసింది. గది పోతే ఇంకో అవకాశం రాదు, సొరా ఇంకెవరినో చూసుకుంటుంది. కాని భయం కన్నా కసి పెద్దగా ఉంది. ముప్పై ఏళ్లుగా వీళ్ల నోళ్లకు రుచి చూపించింది తానేనని, ఆ నోళ్లే తనను నోరెత్తనివ్వలేదని ఆమెకు ఒక్కసారిగా ఒళ్లు మండింది. పెద్దలు చెప్పినట్టు చేయడమే కదా పెద్దకోడలి ధర్మం. ఈసారి తు.చ. తప్పకుండా చేద్దామనుకుంది. మూత తీసి, గరిటె మీద గరిటెగా గిన్నె నిండా ఆ నల్లటి సాస్ పోసి, తెల్లటి గుడ్లను అందులో ముంచింది. ఒక్క చుక్క నీరు తగలనివ్వలేదు. గుడ్లు ఒలిచిన తడిని కూడా పొడిగుడ్డతో తుడిచింది.

ఆదివారం వసారాలో సభ కూర్చుంది. టోపీలు, అంగీలు, దగ్గులు. పైవరసలో సంగ్మాన్‌గారి బాబాయి, వంశంలో బతికున్నవాళ్లలో అందరికంటే పెద్దాయన, తొంభై దాటిన మనిషి. కూర్చోగానే కునుకు తీశాడు. ఆయనే సంగ్మాన్‌గారి మహాతల్లి నాయనమ్మకు కడగొట్టు కొడుకు. పక్కన సొరా పద్ధతిగా మోకాళ్ల మీద కూర్చుంది. అత్తగారు స్తంభానికి ఆనుకుంది. యోంగ్సు ఎవరివైపూ కాకుండా, ఎప్పటిలాగే మధ్యలో కూర్చున్నాడు.

సంగ్మాన్‌గారు నాయనమ్మ గురించి, జాడీ గురించి, నీటి చుక్క గురించి చెప్పినంత సేపట్లో అన్నం చల్లారిపోయింది. నాలుగు వందల ఏళ్లు ప్రసంగం ముగిసేసరికి నాలుగు వందల ఇరవై అయ్యాయి. మిహ్యాంగ్ అందరి ముందూ గిన్నెలు పెట్టింది. గుడ్లు ముడుచుకుపోయి, నల్లబడి, ఏట్లో గులకరాళ్లలా ఉన్నాయి.

పెద్దలు తినకుండా చిన్నవాళ్లు తినకూడదు. కునుకులో ఉన్న పెద్దాయనను తట్టి ఒక ముక్క నోట్లో పెట్టారు. ఆయన కళ్లు తెరవకుండానే మొహం వికారంగా పెట్టి, రుమాల్లోకి ఉమ్మేసి, మళ్లీ నిద్రలోకి జారుకున్నాడు. తర్వాత సంగ్మాన్‌గారు చాప్‌స్టిక్స్‌తో గుడ్డు ఎత్తి ఠీవిగా సగం కొరికారు.

ఆయన దవడ ఆగిపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉమ్మడానికి లేదు, పూర్వీకుల సొత్తు. మింగడానికీ లేదు. చివరికి మెడ సాగదీసి గుటక వేశారు. సభ మొత్తం ఆయన మొహంలోకే చూస్తోంది.

"ఊఁ," అన్నారు. "గంభీరమైన రుచి."

అది వినగానే మిగతావాళ్లూ కొరికారు. ఒకరి తర్వాత ఒకరికి చెవులు ఎర్రబడ్డాయి. ఒక్కడూ ఉప్పు అన్న మాట అనలేదు. ముందు అన్నవాడు వంశద్రోహి అవుతాడు మరి. ఒకాయన మాత్రం కళ్లు తుడుచుకుంటూ, "మా నాన్న గుర్తొచ్చాడు," అన్నాడు. వాళ్ల నాన్న ఎవరో మిహ్యాంగ్‌కు తెలుసు. ఆయన గుర్తొస్తే ఎవరికీ కన్నీళ్లు రావు.

సొరాకు అబద్ధాలు నేర్పిన పెద్దలెవరూ లేనట్టున్నారు. ఒక కొరుకు కొరికి గ్లాసెడు నీళ్లు తాగేసింది. "అత్తా, ఇవి పిల్లలు తినలేరు," అంది చిన్నగా. "మీరు ముందు ఇచ్చినవి ఇలా లేవు కదా?"

మాట వచ్చేసింది కాబట్టి దాన్ని ఎవరో ఒకరి నెత్తిన రుద్దాలి. సంగ్మాన్‌గారు గొంతు సవరించుకున్నారు.

"జాడీది తప్పు కాదు. సాస్ గొప్పదే. చేతి దోషం. ఎంత మంచి సాస్ అయినా చెయ్యి మంచిది కాకపోతే ఇంతే. మా వదిన చేతిలో ఏనాడైనా ఇలా అయిందా? కోడలమ్మా, నీ చేతికి అమ్మకం తగదు. గది సంగతి ఇక మర్చిపో."

ముప్పై ఏళ్లు ఆ చేత్తో తిన్న నోరు అది. మిహ్యాంగ్ భర్త వైపు చూసింది. యోంగ్సు గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు.

"మీరు చెప్పినట్టే చేశానండీ," అంది ఆమె. "నీటి చుక్క తగలనివ్వలేదు. అత్తయ్య చేతిలో ఇలా ఎందుకు కాలేదో అత్తయ్యనే అడగండి. ఆవిడ నీళ్లు పోసేవారు."

తలలన్నీ స్తంభం వైపు తిరిగాయి. ముసలావిడ కోడలి వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో, బతిమాలడం ఉందో మిహ్యాంగ్‌కు తెలియలేదు. అరవై ఏళ్లుగా తాక్ వారింట ఆమెకంటూ మిగిలిన ఒకే ఒక్క పేరు, జాడీకి నీటి చుక్క తగలనివ్వని కోడలన్న పేరు.

"నేనా?" అంది అత్తగారు. "మన సాస్‌లో నీళ్లా? ఏనాడూ పొయ్యలేదు."

సంగ్మాన్‌గారు తల ఊపారు. "విన్నావా?"

"ఉప్పేముంది ఇందులో," అంటూ అత్తగారు ముందుకు వంగి ఒక గుడ్డు తీసుకుంది. మొత్తం నోట్లో పెట్టుకుంది. నమిలింది. మొహంలో ఒక్క గీత కదలలేదు, మెడలో నరాలు మాత్రం ఉబ్బాయి. మింగేసి, "బానే ఉంది," అంది. ఆ మాట నిజమని చూపించడానికి ఇంకో గుడ్డు కోసం చెయ్యి చాచింది. పొద్దునే ఆ చేతిలోనే మిహ్యాంగ్ రక్తపోటు మాత్ర పెట్టింది.

మిహ్యాంగ్‌కు ఆ క్షణాన అందరి మీదా అసహ్యం వేసింది, ఈ ముసలావిడ మీద కూడా. ఈ ఎండిపోయిన టోపీల కోసం అబద్ధమాడి ప్రాణం తీసుకుంటుందా? తీసుకోనీ అనుకుంది. అనుకుంది కాని చూస్తూ కూర్చోలేకపోయింది. లేచి, బల్ల మీదున్న నీళ్ల కెటిల్ తీసుకుని, అందరూ చూస్తుండగా సాస్ గిన్నెలో ధారగా పోసింది. గిన్నె అంచు దాకా పోసింది. నల్లటి సాస్ తేనెరంగుకు తిరిగింది.

"ఏమిటా పని?" సంగ్మాన్‌గారు మోకాళ్ల మీద లేచారు. టోపీ పక్కకు ఒరిగింది. "పెద్దల సొత్తు అది. వంశం నోట్లో మట్టి కొడతావా?"

"మట్టి కాదండీ, నీళ్లు," అంది మిహ్యాంగ్. "మట్టి మీరు ఇందాకే తిన్నారు."

ఆ అరుపులకు పైవరసలో పెద్దాయనకు మెలకువ వచ్చింది. ఏం జరుగుతోందో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. "అన్నం పెట్టరా?" అన్నాడు.

పెద్దాయన అడిగితే పెట్టకపోవడం కుదరదు. మిహ్యాంగ్ కొత్తగా వేడన్నం గిన్నెలో వేసి, ఒక గుడ్డు చీల్చి లోపలి పచ్చసొన మటుకు చిదిమి కలిపి, పలచబడ్డ సాస్ రెండు చెంచాలు పోసి, నువ్వులనూనె చుక్క వేసి ఆయన చేతికిచ్చింది. పళ్లు లేని నోటితో ఆయన మెల్లగా ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి.

"ఇదీ," అన్నాడు. చెవుడు వల్ల ఆయన మాట ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. "ఇందాక నా నోట్లో పెట్టిందేమిటి? ఉప్పురాయా? ఇదిరా సంగ్మానూ, మా అమ్మ చేతి సాస్ అంటే. అచ్చం ఇదే. అమ్మ పోయాక వదిన చేసేది ఇలాగే, ఆ తర్వాత ఈ అమ్మాయి చేసేది." అంటూ చెంచాతో స్తంభం వైపు చూపించాడు. "రోజూ ఇదే పెట్టమనండి నాకు."

గిన్నె పక్కనే కెటిల్ ఉంది, దాని మూతి నుంచి నీళ్లు ఇంకా బొట్లుబొట్లుగా కారుతున్నాయి. ఒక్కపొద్దుండి జాడీ మూత తీసిన మహాతల్లి వంటింటి తలుపేసుకుని ఏం చేసేదో పిల్లలకైనా అర్థమయ్యేలా ఉంది. సంగ్మాన్‌గారు టోపీ సర్దుకుని కూర్చున్నారు. ఏదో అనబోయి, పెద్దాయన చెంచాతో గిన్నె గీకుతున్న చప్పుడు వింటూ ఊరుకున్నారు. యోంగ్సు మెల్లగా తన గిన్నె పెద్దాయన గిన్నె పక్కకు జరిపాడు, తనకూ పొయ్యమన్నట్టు. మిహ్యాంగ్ పొయ్యలేదు.

సొరా ముందుకు వంగి, "అత్తా, వచ్చే వారం నుంచి మొదలుపెడదామా?" అని అడిగింది.

మిహ్యాంగ్ జవాబు చెప్పేలోపే అత్తగారు చెయ్యి చాచి కెటిల్ అందుకుంది. మూతి నోటికి పెట్టుకుని, ఆ సభ అంతా చూస్తుండగా, గుటకగుటకకూ ఊపిరి తీసుకుంటూ ఉన్న నీళ్లన్నీ తాగింది. చొక్కా చేతితో మూతి తుడుచుకుంది.

"వాకిలి గదిలో నీళ్ల కుళాయి లేదమ్మాయ్," అంది కోడలితో. "ముందు అది పెట్టించుకో."